వరండాకి తాళం లేదు

ప్రిన్సిపాల్ త్రివిక్రమరావు గారు జావా క్లాసుకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రోజున ఎవరూ కీడు శంకించలేదు. ఆయన అప్పుడప్పుడూ అలా ఏదో ఒక క్లాసులో దూరి, కాసేపు కునుకు తీసి, "బాగు, బాగు" అని లేచిపోతారు. సివిల్ ఇంజనీరింగులో నేలల గట్టిదనం మీద డాక్టరేటు చేసిన మనిషి. కంప్యూటర్ పాఠాలంటే ఆయనకి మరీ కమ్మటి నిద్ర.

ఆ రోజు మాత్రం నిద్ర పట్టలేదు.

పాఠం చెబుతున్నది గేదెల హైమావతి. ఉత్తరాంధ్రలోని ఆ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ బ్రాంచికి దిక్కూ దివాణమూ ఆవిడే. పాత సైకిల్ షెడ్డుకి గోడలు కట్టి ఆ బ్రాంచికి ఇచ్చారు. వానొస్తే కీబోర్డుల మీద గొడుగు పట్టాలి. అయినా ఆవిడ చెబితే పాఠం పిల్లల నెత్తికెక్కేది.

"మీ ఇంట్లో ఒక డబ్బా మీద పంచదార అని రాసి ఉంది," అంటోంది హైమావతి. "అందులో ఎవరో ఉప్పు పొయ్యబోయారు. ప్రోగ్రాము నడవక ముందే దాన్ని సరిచూసే కంపైలర్ ఏం చేస్తుంది? చెయ్యి పట్టుకుంటుంది. టీ తాగి మొహం చిట్లించాక కాదు, అసలు స్టవ్ వెలిగించక ముందే. దీన్నే టైప్ చెకింగ్ అంటాం."

ఆ తరవాత ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే పనులు, అంటే థ్రెడ్ల గురించి చెప్పింది. ఒకే వస్తువు మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేస్తే పని పాడవుతుందనీ, అందుకే ఒకరు లోపల ఉన్నంతసేపూ తాళం వేసుకుంటారనీ, రెండోవాడు బయట ఆగాలనీ, దాన్నే సింక్రొనైజేషన్ అంటారనీ చెప్పింది. "స్నానాలగది గడియలాగ," అనేసరికి పిల్లలు నవ్వారు. ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు.

క్లాసయ్యాక ఆవిడని వరండాలో ఆపారు. "హైమావతి గారూ, ఇన్నేళ్ళు పరిపాలన చేశాననుకున్నాను. కేవలం కాలక్షేపం చేశానని ఇవాళ బోధపడింది. తప్పు జరగక ముందే గుమ్మంలో పట్టుకోవడం, ఒకరి పనిలో మరొకరు దూరకుండా తాళం వెయ్యడం. మనం పిల్లలకి బోధించేది మనమే ఆచరించకపోతే ఎలాగండి?"

హైమావతికి నిజంగానే సంతోషం కలిగింది. ఆ కాలేజీలో ఆవిడ మాట చివరిదాకా విన్న పెద్ద ఇంతవరకూ లేడు.

మర్నాడు ఆఫీసు గోడ మీద సర్క్యులర్ వెలిసింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కళాశాల ప్రాంగణమున ప్రవేశించు ప్రతి వ్యక్తియు తన టైపును ముందుగా ప్రకటించవలెను. టైపులు నాలుగు: విద్యార్థి, అధ్యాపకుడు, సిబ్బంది, తల్లిదండ్రి. ప్రకటించిన టైపుకును వచ్చిన పనికిని పొంతన లేనిచో ప్రవేశము నిరాకరింపబడును." కింద హైమావతి పేరు నోడల్ ఆఫీసర్ అని ఉంది. ఆ వారం స్టాఫ్ రూములో ఆవిడకి ఫ్యాన్ కింద కుర్చీ దొరికింది. ఆవిడ అందులో కూర్చుంది కూడా. కాదనడమెందుకు.

గేటు దగ్గర వాచ్‌మన్ సింహాచలం ఉండేవాడు. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ నవ్వుతూ తలూపడం తప్ప ఇంకో పని ఎరగని మనిషి. అతని మెడలో కంపైలర్ అని రాసిన బిళ్ళ వేశారు.

"ఇవాళ్టి నుంచి నువ్వు మనిషివి కావు సింహాచలం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "కంపైలర్‌వి. జాలీ, మొహమాటం, మామూలూ, ఈ మూడూ నీకు లేవు."

"మామూలు కూడానా బాబూ?" అన్నాడతను దిగులుగా.

అయితే మనిషి పనికి వంకపెట్టడానికి లేదు. పాలవాడు వస్తే "ఎర్రర్" అన్నాడు. క్యాంటీను ఆ రోజు డికాక్షన్‌తోనే గడిచింది. పైన ట్యాంకు పొంగి మెట్ల మీదికి నీళ్ళు కారుతుంటే బాగుచెయ్యడానికి వచ్చిన ప్లంబర్ని కూడా "ఎర్రర్" అని పంపేశాడు. పిల్లలు మెట్లు ఈదుకుంటూ క్లాసులకి వెళ్ళారు. కంపైలర్ తప్పు ఫలానా చోట ఉందంటుంది గాని అది నిజానికి ఇంకెక్కడో ఉంటుందని హైమావతి ఒకసారి సరదాకి చెప్పింది. అప్పటి నుంచి అతను ఎవరిని ఆపినా వాళ్ళ వెనక నిలబడ్డవాణ్ణి చూపించి "ఎర్రర్ ఆయన కాడుంది" అనేవాడు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు క్యారియర్ పట్టుకుని ఆటో దిగారు.

"ఏ టైపండి అమ్మా?" అన్నాడు సింహాచలం.

"టైపేమిటి? నన్నెరగవా?"

"ఎరక్కేం. మీ సేతి ఆవకాయ తిన్నోణ్ణి. గానీ కంపైలర్‌కి ఎరికలు ఉండవంట. బాబుగారే సెప్పారు."

"ఆ బాబుగారి భార్యనయ్యా."

సింహాచలం సర్క్యులర్ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. "నేదమ్మా. ఆ టైపు నేదు."

కబురు లోపలికి వెళ్ళింది. స్టాఫంతా కిటికీల దగ్గర చేరి ఏమవుతుందోనని చూస్తున్నారు. ప్రిన్సిపాల్ గారికి ఆకలిగానే ఉంది. కాని అంతమంది కళ్ళ ముందు సడలింపు ఎలా ఇస్తారు? "భార్య అను టైపు ప్రకటింపబడలేదు. ప్రకటింపబడనిది లేనట్లే," అని ఫోనులో సెలవిచ్చారు. గేటు దగ్గర ఫోను స్పీకర్ మీద ఉంది. రాజ్యలక్ష్మమ్మ గారు విన్నారు.

లోపల ఆయన పక్కనున్న హైమావతికి మనసొప్పలేదు. "జావాలో ఏ టైపూ కానిదంటూ ఉండదు సార్. మరేమీ కాకపోయినా ఆబ్జెక్ట్ అవుతుంది. అన్నిటికీ మూలం అదే," అంది, ఆవిడని లోపలికి రానిస్తారని.

ప్రిన్సిపాల్ గారి మొహం వెలిగింది. "ఆబ్జెక్ట్ అంటే వస్తువు కదా? వస్తువులు స్టోర్స్ ద్వారా రావాలి."

అలా ప్రిన్సిపాల్ గారి భార్య స్టోర్స్ గుమ్మం ముందు నిలబడవలసి వచ్చింది. స్టోర్‌కీపర్ అప్పలకొండ కలం తీసి, తల ఎత్తకుండా, "అమ్మా, వాడితే అరిగిపోయే రకమా, మన్నే రకమా?" అని అడిగాడు.

"ఈయనతో కాపరం చేసి అరిగిపోయిన రకమే. అలాగే రాసుకో," అన్నారావిడ. క్యారియర్ అక్కడే పెట్టి అదే ఆటోలో వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి క్యారియర్ రాలేదు. ప్రిన్సిపాల్ గారు అరటిపళ్ళతో సరిపెట్టుకుంటూ, "సంస్కరణ అన్నాక త్యాగం తప్పదు," అనేవారు.

రెండో విడతలో తాళాలు వచ్చాయి. ఒకరోజు ఒకే క్లాసులోకి ఇద్దరు లెక్చరర్లు వెళ్ళి, ఒకరు బోర్డుకి ఆ చివరా మరొకరు ఈ చివరా రాసేశారు. దాంతో లైబ్రరీ, ల్యాబు, సెమినార్ హాలు, ఆఖరికి జిరాక్సు మిషను కూడా ఉమ్మడి వనరులయ్యాయి. ఒక్కోదానికి ఒక్కటే తాళంచెవి. తీసుకున్నవారు పని సాంతం పూర్తయ్యేదాకా వదలకూడదు. మిగతావాళ్ళు సణగకుండా ఆగాలి. కాలేజీ అంతా నిశ్శబ్దమైపోయింది. ఎక్కడ చూసినా వరసల్లో నిలబడ్డ పిల్లలే. ప్రిన్సిపాల్ గారు మేడ మీంచి ఆ వరసల్ని చూసి మురిసిపోయేవారు.

హైమావతి కూతురు లహరి అదే కాలేజీలో రెండో సంవత్సరం. ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విసిరేసింది.

"లైబ్రరీ బయట పొద్దున్నుంచి నిల్చున్నానమ్మా. లోపలున్నవాడు చదవడం లేదు. నిద్రపోతన్నాడు."

"నిద్రపోయినా తాళం వదలడే. జావాలోనూ అంతే," అంది హైమావతి అలవాటు కొద్దీ.

"అయితే మీ జావాని లేపమను."

ఆ మాట హైమావతికి గుచ్చుకుంది. మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి, ఇద్దరు చెరో తాళం పట్టుకుని ఎదుటివాడి తాళం కోసం ఆగితే ఇద్దరూ అలాగే ఉండిపోతారనీ, దాన్ని డెడ్‌లాక్ అంటారనీ చెప్పింది.

"గేటు దగ్గర అందరి టైపులూ సరిచూశాక తప్పు ఎలా వస్తుందండీ?"

"కంపైలర్ టైపులే చూస్తుంది సార్. ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో అది చూడదు."

"ఇది సిలబస్‌లో ఉందా?"

"ఆఖరి యూనిట్ సార్."

"అయితే ఆఖర్న చూద్దాం," అన్నారు ప్రిన్సిపాల్ గారు, అరటిపండు ఒలుస్తూ.

ఆఖరు పరీక్షల రూపంలో వచ్చింది.

రెండో సంవత్సరం వాళ్ళ జావా పరీక్షకి ముఖ్య పర్యవేక్షకుణ్ణి వెయ్యాలి. మెకానికల్ హెడ్ నరసింగరావు గారు, ఎలక్ట్రికల్ హెడ్ సూర్యప్రకాశం గారు ఒకే తేదీన ఉద్యోగంలో చేరారు. ఒకాయన పూట ముందు, ఇంకొకాయన పూట వెనక. ఆ పూట తేడా మీద ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. ఎవరిని వేస్తే ఎవరికి కోపమోనని ప్రిన్సిపాల్ గారు ఇద్దర్నీ ముఖ్య పర్యవేక్షకులుగా వేశారు.

పరీక్షనాడు నరసింగరావు గారు ముందుగా వచ్చి హాలు తాళంచెవి తీసుకుని హాల్లో కూర్చున్నారు. సూర్యప్రకాశం గారు ప్రశ్నపత్రాల గది తాళంచెవి తీసుకుని ఆ గదిలో కూర్చున్నారు.

"పత్రాలు పంపమనండి, పరీక్ష మొదలుపెడతాను," అని నరసింగరావు గారు కబురంపారు.

"హాలు అప్పగించమనండి, పత్రాలతో వస్తాను," అని సూర్యప్రకాశం గారు కబురంపారు.

ఇద్దరి జవాబూ ఒకటే. "నా పని పూర్తి కానిదే తాళం వదలరాదని నిబంధన."

పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని వరండాలో నిలబడ్డారు. మధ్యాహ్నం గంట కొట్టేలోగా పరీక్ష మొదలు కాకపోతే అది రద్దయినట్టేననీ, మళ్ళీ వచ్చే ఏడే రాసుకోవాలనీ యూనివర్సిటీ నియమం. ఎండ గోడల మీదికి ఎక్కుతోంది. ఎవరో పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. దాన్ని చూసి ఇంకొకత్తె.

కూతురు పరీక్ష రాసే రోజున తల్లికి డ్యూటీ ఉండకూడదు. అందుకని హైమావతి ఆ పొద్దున గేటు దగ్గర తల్లిదండ్రి టైపు కింద లోపలికి వచ్చింది. ఆవిడ వెనకే యూనివర్సిటీ పంపిన పరిశీలకుడు జీపు దిగాడు. పరిశీలకుడనే టైపు సర్క్యులర్‌లో లేదు. సింహాచలం ఆయన్ని సగౌరవంగా స్టోర్స్‌కి తీసుకెళ్ళి అప్పగించాడు. అప్పలకొండ ఆయన్ని లెక్కలో ఎక్కించి, విరిగిన స్టూళ్ళకీ ఫినాయిల్ డబ్బాలకీ మధ్య కుర్చీ వేశాడు. మళ్ళీ బయటికి ఇష్యూ చెయ్యాలంటే ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఇండెంట్ రావాలి. ప్రిన్సిపాల్ గారేమో హాలుకీ పత్రాల గదికీ మధ్య చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు.

చివరికి హైమావతికి పిలుపొచ్చింది.

"ఆ ఆఖరి యూనిట్ ఇప్పుడు చెప్పండి," అన్నారాయన కుర్చీలో కూలబడి.

చెప్పింది.

"పుస్తకంలో పరిష్కారం?"

"ఇద్దరిలో ఒకరు తాళం వదలాలి సార్. ఎవరూ వదలకపోతే ఒకరిని ఆపెయ్యాలి."

"ఆపెయ్యడమంటే?"

"పనిలోంచి తప్పించడం. ఎవరిని తప్పిస్తే నష్టం తక్కువో చూసుకుని."

ప్రిన్సిపాల్ గారు కళ్ళు మూసుకుని లెక్క వేశారు. నరసింగరావు గారి బావమరిది డైరెక్టరేట్‌లో ఉన్నాడు. సూర్యప్రకాశం గారు అధ్యాపకుల సంఘానికి కార్యదర్శి. కళ్ళు తెరిచి హైమావతి వంక చూశారు. ఆ చూపు ఆవిడకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది.

"సార్, నా చేతిలో ఏ తాళమూ లేదు."

"అందుకేనండి, మీ విషయంలో నష్టం తక్కువ," అన్నారాయన బాధగా, పక్కకి తిరిగి టైపిస్టుని పిలిచారు.

సస్పెన్షన్ ఆర్డరు తయారైంది. దాన్ని ఆవిడకి అందించే ముందు టైపు సరిచూడ్డానికి గేటు దాకా వెళ్ళిన ప్యూను అలాగే తిరిగొచ్చాడు. ఆర్డరు లెక్చరర్ హైమావతి పేరున ఉంది. లెక్చరర్ హైమావతి ఇవాళ కాలేజీకి రాలేదని కంపైలర్ అంటున్నాడు. వచ్చినది లహరి తల్లి. తల్లిని సస్పెండ్ చేసే అధికారం ఏ జీవోలోనూ కనపడలేదు.

హైమావతి వరండాలోకి వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చున్న రోజులు గుర్తొచ్చి తన మీదే ఎక్కువగా వచ్చింది. లహరి గోడకి ఆనుకుని కూర్చుంది. మొహం వాడిపోయింది.

"ఇంటికి పోదామా అమ్మా?"

పిల్లలు నిలబడీ నిలబడీ విసిగి, గోడ వారన నీడ ఉన్నంత మేరా కూలబడ్డారు. ఒళ్ళో అట్టలున్నాయి. ఒకరికి ఒకరు ఆనకుండా, గాలి కోసం ఎడం ఎడంగా కూర్చున్నారు. పరీక్ష రాయడానికి కూర్చోబెడితే ఎలా కూర్చుంటారో అచ్చం అలాగే. హైమావతి ఆ వరసని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. ఉమ్మడి వనరుల జాబితా నోడల్ ఆఫీసర్‌గా తానే రాసింది. అందులో వరండా లేదు.

గబగబా పత్రాల గది కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"సూర్యప్రకాశం గారూ, మీ గది తాళం మీరు వదలక్కర్లేదండి."

"వదలమన్నా వదలను. ముందు ఆయన్ని హాలు ఇమ్మను."

"హాలు ఆయన్నే ఉంచుకోనివ్వండి. వరండాకి తాళం లేదు. పిల్లలు అక్కడే కూర్చున్నారు. మీరు పత్రాలతో వస్తే పరీక్ష పెట్టిన ఘనత మీదే. హాలు దగ్గర పెట్టుకుని కూడా ఆయన పెట్టలేకపోయాడు."

సూర్యప్రకాశం గారు ఆ చివరి వాక్యాన్ని మనసులో ఒకసారి చదువుకున్నట్టున్నారు. "ఆయన హాల్లోనే ఉంటాడుగా?" అన్నారు.

"కదలరు."

అక్కణ్ణుంచి హాలుకి వెళ్ళింది. నరసింగరావు గారు ఖాళీ బల్లల ముందు ఒక్కరే నిటారుగా కూర్చున్నారు.

"సార్, పరీక్ష అయ్యేవరకూ హాలు మీ ఆధీనంలోనే ఉంటుంది. ఎవరూ అడగరు."

"సూర్యప్రకాశం కూడానా?"

"ఆయన గుమ్మం కూడా తొక్కరు."

"అదీ సంగతి," అన్నారు నరసింగరావు గారు. చాలా రోజుల తరవాత ఆయన నవ్వడం ఆవిడ చూసింది.

మధ్యాహ్నం గంట కొట్టకముందే పిల్లల చేతుల్లో పత్రాలు పడ్డాయి. సూర్యప్రకాశం గారు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి రాజసంగా నడుస్తూ పర్యవేక్షించారు. లోపల నరసింగరావు గారు ఒక్క విద్యార్థీ లేని హాలుని పరీక్ష అయ్యేంతవరకూ అంతే శ్రద్ధగా పర్యవేక్షించారు. మధ్యమధ్య, "మాట్లాడకూడదు," అని కూడా అన్నారట.

సాయంత్రం ఇండెంట్ సంతకమై పరిశీలకుడు విడుదలయ్యాడు. "నేనున్న చోట ఏ అక్రమమూ జరగలేదని ధ్రువీకరిస్తున్నాను," అని రాసిచ్చి, బట్టలకి అంటుకున్న ఫినాయిల్ వాసనతో జీపెక్కాడు. వరండా పరీక్ష సంగతి ప్రిన్సిపాల్ గారు డైరెక్టరేట్‌కి ఇలా నివేదించారు: "ఆరుబయట సహజ వాతావరణమున మూల్యాంకనము, ఒక వినూత్న ప్రయోగము." పైవాళ్ళకి అది నచ్చింది. నెల తిరక్కముందే ఆయన్ని పదోన్నతి మీద డైరెక్టరేట్‌కి తీసుకున్నారు. వెళ్ళేముందు ఆయన హైమావతిని పిలిచి, "ఆ ఆర్డరు సంగతి మనసులో పెట్టుకోకండి. తమకి అందనే లేదు కదా," అన్నారు.

అంతటితో అయిపోయేదే. కాని ఆ ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న ఉంది. "డెడ్‌లాక్ అనగానేమి? సొంత ఉదాహరణతో వివరింపుము."

పిల్లలు ఎడం ఎడంగా కూర్చుని ఎవరికి వారే రాశారు. అందరూ ఒకటే ఉదాహరణ రాశారు. ఇద్దరు పెద్దమనుషులు, ఒకరి దగ్గర హాలు, ఇంకొకరి దగ్గర పత్రాలు, మధ్యలో ఎండలో పిల్లలు. దిద్దినవాళ్ళు అదిరిపడ్డారు. ఇది ఖచ్చితంగా మూకుమ్మడి కాపీయింగేనని తేల్చి యూనివర్సిటీ విచారణ సంఘాన్ని పంపింది.

సంఘం ఎదుట నరసింగరావు గారు, "అటువంటి ఘటన నా దృష్టికి రాలేదు," అన్నారు. సూర్యప్రకాశం గారు, "అటువంటి ఘటన నా దృష్టికీ రాలేదు," అన్నారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడగా చూసి స్టాఫు విస్తుపోయారు.

తరవాత హైమావతిని కూర్చోబెట్టారు. అధ్యక్షుడు తెల్లటి గెడ్డం నిమురుకుంటూ ఒక జవాబు పైకి చదివాడు. "ఒకాయన ఖాళీ హాలుకి కాపలా కూర్చున్నాడు. చూడండమ్మా, ఇది అందరి పేపర్లలోనూ ఉంది. ఇది నిజంగా జరిగిందా?"

జరిగిందంటే, డైరెక్టరేట్ మెచ్చుకున్నా యూనివర్సిటీ నియమం ప్రకారం వరండాలో పెట్టిన పరీక్ష చెల్లదు, పిల్లల ఏడాది పోతుంది. జరగలేదంటే కాపీ కొట్టినట్టు, అప్పుడూ ఏడాది పోతుంది. బయట కిటికీ చువ్వల వెనక పిల్లల మొహాలు కనిపిస్తున్నాయి.

"జరగలేదు సార్," అంది. "నేనే క్లాసులో కల్పించి చెప్పాను. పిల్లలకి గుర్తుండాలని కొంచెం పెంచి చెప్పాను. అందుకే అందరూ అదే రాశారు."

అధ్యక్షుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అదే అనుకున్నాను. చదువుకున్నవాళ్ళు ఇలా ప్రవర్తిస్తారా ఎక్కడైనా? ఇకమీదట లోకంలో జరిగేవే చెప్పండమ్మా."

"అలాగే సార్."

కాపీయింగ్ ఆరోపణ కొట్టేశారు. ఫలితాలొచ్చాయి. అందరూ గట్టెక్కారు. లహరి మాత్రం జవాబుపత్రం నకలు తెప్పించుకుని, వంటింట్లో పోపు వేస్తున్న తల్లి ముందు పెట్టింది. డెడ్‌లాక్ ప్రశ్న దగ్గర సగం మార్కులు కోసి, పక్కన ఎర్ర ఇంకుతో రాశారు: "ఉదాహరణ నమ్మదగినట్లు లేదు."

"ఒక్క ముక్క కూడా కల్పించలేదమ్మా. ఉన్నదున్నట్టు రాశాను. మరి ఏటి రాయమంటారు వీళ్ళు?"

హైమావతి స్టవ్ తగ్గించి ఆ ఎర్ర అక్షరాలని రెండుసార్లు చదివింది. నవ్వొచ్చింది, ఆపుకోలేదు. పోపులో ఆవాలు మాడిపోయాయి.

"పుస్తకంలో ఉన్నదే రాయాలే," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "చూసింది చూసినట్టు రాస్తే, కాలేజీ మొహం చూడనోళ్ళు కూడా నమ్మరు. కాలేజీ నడిపేవాళ్ళు నమ్ముతారా?"